ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపుకి డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ పనికొస్తుందా? వాడినవాళ్ళు చెప్పండి

క్లచ్‌ప్లేట్_బెజవాడ

అందరికీ నమస్తే. మాది బెజవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్, నాన్నగారు పెట్టిన షాపు, ఇప్పుడు ఇద్దరం చూసుకుంటున్నాం. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనర్లు, బేరింగులు, కమాన్ కట్టలు, ఆయిల్ సీళ్ళు అన్నీ కలిపి 9 వేల దాకా పార్ట్ నంబర్లుంటాయి. బిల్లింగూ స్టాకూ ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తోంది.

మొన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళొచ్చి డెమో ఇచ్చారు. గోడ మీద పెద్ద టీవీ, రంగురంగుల చక్రాలు, ఏ బ్రాండు ఎంత అమ్మింది, ఏ ఊరి మెకానిక్కులు ఎంత కొన్నారు, ఇవన్నీ నిమిషానికోసారి మారుతుంటాయి, పైగా ఏఐ తనే ఆర్డర్లు పెట్టేస్తుందట. నాన్నగారు అరగంట చూసి "ఇందులో నాకు తెలియంది ఏముందిరా" అన్నారు. డెమో ఇచ్చిన అబ్బాయి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు.

మా బాధలు రెండు. గోడౌన్‌లో డెడ్ స్టాక్ (కదలని సరుకు) పేరుకుపోయింది, కౌంటర్ దగ్గరేమో రోజూ జనాన్ని "లేదు" అని పంపించేస్తున్నాం. ఈ రెండూ ఒకే షాపులో ఎలా జరుగుతాయో మాకే అర్థం కాదు. అమ్మేవాళ్ళు దయచేసి రిప్లై ఇవ్వొద్దు, వాడినవాళ్ళు చెప్పండి.

సర్వర్‌రూమ్

నేను ఈఆర్‌పీలు (కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్లు) పెట్టించే పనిలోనే ఉన్నాను, కానీ మీకేమీ అమ్మను, ప్రామిస్.

మీ నాన్నగారు అడిగిందే అసలు ప్రశ్న తమ్ముడూ. నేను ఏ ఆఫీసుకి వెళ్ళినా అదే మాటని తిప్పి అడుగుతాను: ఈ స్క్రీన్ చూశాక సోమవారం పొద్దున్న మీరు చేసే పనుల్లో ఏది మారుతుంది? ఏదీ మారదంటే ఆ స్క్రీన్ గోడకి అలంకారం. చాలామంది "మాకేం రిపోర్టులు కావాలి" అని కూర్చుంటారు, కూర్చుంటే ఎవరికైనా నలభై రిపోర్టులు గుర్తొస్తాయి. "మేం ఏ నిర్ణయాలు తీసుకుంటున్నాం, ఎవరు, ఎప్పుడు, దేన్ని చూసి" అని కాగితం మీద రాసుకోండి. మీలాంటి షాపులో లెక్కపెడితే ఐదారు ఉంటాయి: ఏది ఎంత తెప్పించాలి, ఎవరికి అరువు ఆపాలి, ఏది నష్టానికైనా వదిలించుకోవాలి, ఏ కంపెనీకి ముందు డబ్బు కట్టాలి, కొత్త బండి మోడల్ వస్తే దాని సామాను ఎప్పుడు పెట్టడం మొదలెట్టాలి. అవి రాశాక చూడండి, సగానికి సమాచారం ట్యాలీలోనే ఉంటుంది.

అరండల్‌పేట_అకౌంట్స్

సర్వర్‌రూమ్ గారు చెప్పినదానికి నా వైపు నుంచి ఒక ముక్క. ట్యాలీలో రీఆర్డర్ లెవెల్ (స్టాకు ఎంతకి తగ్గితే మళ్ళీ తెప్పించాలో ఆ అంకె) పెట్టుకోవచ్చు, స్టాక్ ఎన్నాళ్ళ నుంచి కదలకుండా ఉందో ఏజింగ్ చూడొచ్చు, పార్టీల బాకీలు 30, 60, 90 రోజుల లెక్కన విడగొట్టి చూడొచ్చు. మా క్లయింట్లలో ఎక్కువమంది ఆ మెనూలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళకుండానే "ట్యాలీలో ఏమీ రాదండీ, వేరేది కొంటాం" అంటారు.

ఇక ఎవరికి ముందు కట్టాలి అన్న సంగతి. ఇది మనసుకి తోచినట్టు చేసే పని కాదు ఇప్పుడు. సరఫరా చేసినవాడు ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా సంస్థల) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారు అయితే, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో కట్టేయాలి. 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన రూలు ప్రకారం అలా కట్టకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తీసుకోనివ్వరు, నిజంగా కట్టిన ఏడాదికి పోతుంది. జీఎస్టీలో ఇంకో గడువు, 180 రోజుల్లో కట్టకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు) వెనక్కివ్వాలి. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్ 2బి, అంటే సప్లయర్లు మన పేరు మీద ఎక్కించిన బిల్లుల పట్టీ వస్తుంది, మన కొనుగోలు పుస్తకంతో దాన్ని కలిపి చూస్తే ఏ సప్లయరు మన బిల్లు ఎక్కించలేదో తెలిసిపోతుంది. ఇదంతా యంత్రం చేయాల్సిన పని. ఏ బిల్లు ఏ తేదీ దాటుతోందో ఎర్రగా చూపించడానికి ఏఐ అక్కర్లేదు, సప్లయర్ మాస్టర్‌లో "తయారీదారా, వ్యాపారా, చిన్నదా, మధ్యదా" అన్న గడి నింపి ఉంటే చాలు. ఆ గడే ఎవరూ నింపరు.

ఎంబీఏ_మాస్టారు_గుంటూరు

మంచి చర్చ. మేం క్లాసులో చెప్పేది ఇక్కడ బాగా అతుకుతుంది కాబట్టి చెప్తాను, తిట్టుకోకండి.

హెర్బర్ట్ సైమన్ అని, 1978లో ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చింది ఆయనకి. నిర్ణయాన్ని మూడు దశలుగా చూశాడు: అసలు సమస్య ఉందని పసిగట్టడం, దారులేమున్నాయో ఆలోచించడం, ఒకటి ఎంచుకోవడం. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, మనిషికి టైమూ తెలివీ రెండూ పరిమితమే, అందుకని అన్నిటికన్నా మంచిదాని కోసం వెతకడు, "ఇది చాలు" అనిపించగానే ఆగిపోతాడు. 1971లో గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు దీని మీద కట్టి ఒక పట్టీ గీశారు. కొన్ని నిర్ణయాలకి సూత్రం ఉంటుంది, కొన్నిటికి ఉండదు, మధ్యలో సగం సగం ఉండేవి చాలా ఉంటాయి. సూత్రం ఉన్నవి యంత్రానికి వదిలేయొచ్చు, మధ్యలోవాటికి యంత్రం లెక్కలు వేసి పెడితే మనిషి తేల్చాలి.

క్లచ్‌ప్లేట్ గారూ, మీ షాపులో రోజూ పోయే ఆయిల్ సీళ్ళు మొదటి రకం. రోజుకి ఎన్ని పోతాయి, సరుకు రావడానికి ఎన్ని రోజులు, ఈ రెండిటినీ గుణించి కొంచెం అదనం కలిపితే ఆ అంకె దగ్గర ఆర్డరు పెట్టేయడమే. ఒకాయనకి అరువు ఆపాలా వద్దా అన్నది మధ్య రకం. షాపుకి రెండో బ్రాంచి పెట్టాలా అన్నది మూడోది. మీకు డెమో ఇచ్చినవాళ్ళు మూడిటికీ ఒకే టీవీ చూపించారు.

కృష్ణలంక_కుర్రోడు

మాస్టారూ, అటెండెన్స్ వేసుకుంటున్నారా? 😀

ఆ సూత్రం ఏడాదికి రెండు అమ్ముడుపోయే పార్టుకి ఏం పని చేస్తుంది? మా మావయ్యది కూడా ఆటోనగరే. సగం ర్యాకులు అలాంటివే, ఎప్పుడో ఒకడొచ్చి అడుగుతాడు, ఆ రోజు లేకపోతే వాడింకెప్పుడూ రాడు.

ఎంబీఏ_మాస్టారు_గుంటూరు

అడగాల్సిన ప్రశ్నే అడిగావు బాబూ. అలాంటివాటికి సగటు పనికిరాదు. ఏడాదికి రెండు పోయే దానికి నెల సగటు తీస్తే ముక్కలో ఆరో వంతు వస్తుంది, ఆ అంకెతో ఏం తెప్పిస్తాం? 1972లో క్రోస్టన్ అనే ఆయన ఒక పద్ధతి చెప్పాడు. అడిగినప్పుడు ఎన్ని అడుగుతున్నారు, ఎన్నాళ్ళకోసారి అడుగుతున్నారు, ఈ రెండూ వేరువేరుగా లెక్కగట్టాలి. స్పేర్ పార్ట్స్ లెక్కల్లో ఇప్పటికీ వాడతారు. మీ ఏఐ అమ్మేవాళ్ళని "నెమ్మదిగా కదిలే సరుకుకి మీది ఏ పద్ధతి" అని అడగండి. నీళ్ళు నమిలితే తెలిసిపోతుంది.

ఇంకోటి కూడా చెప్పి ఆపేస్తాను. 1967లో రస్సెల్ అకాఫ్ అనే ఆయన రాసిన వ్యాసంలో ఒక కంపెనీ సంగతి ఉంది, అదీ స్టాకు ఆర్డర్ల సిస్టమే. చేత్తో రాసే రోజుల కన్నా కంప్యూటరు వచ్చాక ఖర్చు పెరిగింది, లోపల లెక్క తప్పుంది. ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే అది ఎలా ఆలోచిస్తుందో పైవాళ్ళకి తెలియదు, తెలియదని ఒప్పుకోవడం నామోషీ. మేనేజర్లకి సమాచారం తక్కువై కాదు, పనికిరానిది ఎక్కువై ఇబ్బంది అని ఆయన వాదన. అప్పట్లో గోడల మీద డాష్‌బోర్డు తెరలు కూడా లేవు!

తేజ_డీలక్స్

గుంటూరు మిర్చి యార్డు నుంచి. మా దగ్గర సిస్టమ్ ఉంది, రేట్లన్నీ ఫోన్లో వస్తాయి, 2016లో ఈనామ్ (కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) మొదలయ్యాక లాట్లకి రేటు కంప్యూటర్లోనే కోట్ చేస్తున్నారు. పొద్దున్నే ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, మిర్చి రకాల్లో తేజ ఎంత, 334 ఎంత, బాడిగ ఎంత, కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు పోయిన రేటు) అన్నీ కనిపిస్తాయి. బయటూరి రైతులకి ఇది చాలా మేలు, ఒకప్పుడు కమీషన్ ఏజెంటు చెప్పిందే రేటు.

కానీ ఆ మోడల్ ధర చూసి "నా సరుకుకి ఇంత వస్తుంది" అనుకుని వచ్చినవాళ్ళ ముఖాలు చూడాలి మీరు. కొనేవాడు టిక్కీలోకి చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు, కాయ విరుస్తాడు, టక్కున విరిగిందా మెత్తగా వంగిందా చూసి తేమ అంచనా వేస్తాడు, తొడిమ రంగు చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో చూస్తాడు, వాసన చూస్తాడు. రకం ఒకటే, యార్డు ఒకటే, రోజు ఒకటే, డీలక్స్‌కీ మీడియంకీ మధ్య క్వింటాకి వేలల్లో తేడా. తెర మీద రెండూ తేజాయే. ఆ విరిచి చూసింది డేటాలోకి రానంతకాలం తెర చెప్పేది సగమే.

ఇక అమ్మాలా కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నదానికి ఏ సిస్టమూ జవాబు చెప్పదు. స్టోరేజీల్లో నిల్వ ఎంత, చైనావాళ్ళు తేజ కొంటున్నారా, వచ్చే ఏడు రైతు మిర్చి వేస్తాడా పత్తికి పోతాడా, ఇన్ని తెలిసినా చివరికి అద్దె, వడ్డీ, గుండె ధైర్యం.

సర్వర్‌రూమ్

@తేజ_డీలక్స్ అన్నా, సూపర్ పాయింట్. మా భాషలో చెప్పాలంటే మీ నిర్ణయానికి కావలసిన గడి ఫారంలో లేదు. తేమ, తాలు శాతం కొలిచి లాట్‌తో పాటు ఎక్కిస్తే అదే సిస్టమ్ రెట్టింపు పనికొస్తుంది. కొలిచేవాళ్ళెవరు, ఖర్చెవరిది అన్న దగ్గరే ఆగిపోతుంది ఎప్పుడూ.

పాత_కంట్రోలర్

ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. మా దగ్గర ఈపీకే అని ఒకటి ఉంటుంది, కిలోమీటరుకి బస్సు ఎంత సంపాదించింది అని, దానితో పాటు ఓఆర్, సీట్లెంత నిండాయని. టిమ్ (టిక్కెట్లు కొట్టే) మిషన్లు వచ్చాక ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారో టిక్కెట్టు టిక్కెట్టుకీ డిపోలో లెక్క దిగుతుంది. వాటిని చూసే సర్వీసులు పెంచడం, తీయడం.

ఒకసారి రాత్రి ఆఖరి ట్రిప్పు ఒకటి ఈపీకేలో అడుగున కనిపిస్తోంది, తీసేద్దామా అని మా డిపో మేనేజరు గారు అన్నారు. ఆయన పద్ధతి ఏమిటంటే కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ రూటు కండక్టర్లని పిలిచి అడిగేవారు. ఒక కండక్టరు "సార్, పొద్దున 6 గంటల బస్సు నిండుతోందంటే ఈ రాత్రి బస్సు ఉందన్న భరోసా వల్లేనండి, షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు దీన్ని నమ్ముకునే పొద్దున మన బస్సు ఎక్కుతున్నారు, ఇది తీస్తే పొద్దున కూడా ఆటోలకి పోతారు" అన్నాడు. రిపోర్టులో రెండు ట్రిప్పులూ వేరువేరు వరసల్లో ఉంటాయి, ఆ రెండిటి చుట్టరికం రిపోర్టుకి తెలియదు. సర్వీసు ఉంచారు. రిపోర్టు లేకపోతే ఆ ట్రిప్పు బలహీనంగా ఉందని అసలు తెలిసేదే కాదు, అదీ ఒప్పుకోవాలి. అంకె ప్రశ్న లేపింది, కండక్టరు జవాబిచ్చాడు.

కృష్ణలంక_కుర్రోడు

మా ఇంటి పక్కనే ప్రకాశం బ్యారేజీ కాబట్టి నా ఉదాహరణ అదే. అక్కడ నిర్ణయం ముందే రాసిపెట్టి ఉంటుంది. 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. ఎవరి మూడ్ బట్టీ ఉండదు, అంకె వచ్చిందా, హెచ్చరిక ఎగిరిందా, అంతే. మా అమ్మ కూడా ఆ అంకె వినే సామాన్లు పైన పెట్టాలా వద్దా తేలుస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో ఆ ప్రవాహం 11 లక్షలు దాటింది. ఊరంతా ఫోన్లలో బ్యారేజీ అంకె చూస్తూ కూర్చుంది. కానీ మా ఊళ్ళోని సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. అవతలి వైపు నుంచి వచ్చింది. మనం ఏ అంకెకి అలవాటు పడితే కళ్ళన్నీ దాని మీదే ఉంటాయని అప్పటి నుంచి నాకు గట్టిగా అనిపిస్తుంది.

పాత_కంట్రోలర్

బాబూ, అంత తేలిగ్గా చెప్పెయ్యకు. బుడమేరు గట్లకి గండ్లు పడ్డాయి, వాన కూడా ఆ రెండ్రోజులు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. డాష్‌బోర్డు చూడటం వల్ల ఊరు మునగలేదు.

కృష్ణలంక_కుర్రోడు

దానివల్ల మునిగిందనలేదు బాబాయ్. మా వీధిలో అందరం ఏం చూస్తూ కూర్చున్నామో చెప్పానంతే.

క్లచ్‌ప్లేట్_బెజవాడ

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, థాంక్స్ అందరికీ. రాత్రి ట్యాలీలో స్టాక్ ఏజింగ్ తీసి చూశాం. రెండేళ్ళకు పైగా కదలని సరుకులో ఎక్కువ భాగం బీఎస్6 (బండి పొగకి పెట్టిన కొత్త ప్రమాణం) రాకముందు బండ్ల పార్టులు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 బండ్లే అమ్మాలని రూలొచ్చింది కదా, పాత బండ్లు రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి మాకు ఆ దెబ్బ వెంటనే తెలియలేదు. ఏడాదికేడాది కొంచెం కొంచెంగా తగ్గింది. నాన్నగారు ఇది చూసి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "దీన్ని పల్లెటూరి మెకానిక్కులకి తగ్గించి ఇచ్చేద్దాం, వాళ్ళ దగ్గర ఇంకా ఈ బండ్లే" అన్నారు. ఆ ఐడియా ఏ సాఫ్ట్‌వేరూ ఇచ్చేది కాదు, కానీ ఆ లిస్టు కళ్ళ ముందు లేకపోతే ఆయనకీ తట్టేది కాదు.

రెండో బాధ అలాగే ఉంది. "లేదు" అని పంపించేసినవి ఏ రిపోర్టులో వెతకాలి?

సర్వర్‌రూమ్

ఎందులోనూ దొరకదు. ట్యాలీ అయినా, కోట్లు పెట్టి కొన్న ఈఆర్‌పీ అయినా బిల్లయిందే లెక్క. ఒక పార్టు నెలలో 20 రోజులు స్టాకులో లేదనుకోండి, మిగిలిన 10 రోజుల్లో 5 అమ్మారు. సిస్టమ్ ఏమంటుంది? "నెలకి 5 చాలు" అంటుంది. మీరు 5 తెప్పిస్తారు, మళ్ళీ అయిపోతాయి, మళ్ళీ 5 చాలంటుంది. ఏఐ పెట్టినా అదే, అది మీ పాత బిల్లులనే కదా చదివేది, ఇంకా గట్టి నమ్మకంతో అదే తప్పు చెప్తుంది. ఒకే షాపులో డెడ్ స్టాకూ, "లేదు" అనడమూ రెండూ ఎలా ఉంటాయని అడిగారు చూడండి, సగం జవాబు ఇక్కడుంది.

కౌంటర్ మీద ఒక లేదు రిజిస్టరు పెట్టండి. నోట్‌బుక్ చాలు. అడిగిన పార్టు, బండి మోడల్, తేదీ. నెల తిరిగేసరికి మీ నాన్నగారికి తెలియనిది ఆ పుస్తకంలో కనిపిస్తుంది.

అరండల్‌పేట_అకౌంట్స్

రిజిస్టరు బావుంది కానీ కౌంటర్ కుర్రాడు రాస్తాడా? పొద్దున 10 నుంచి 1 దాకా ఆటోనగర్ కౌంటర్లో ఊపిరాడదు. అమ్మినదానికే బిల్లు కొట్టే తీరిక లేనప్పుడు అమ్మనిదానికి ఎవడు రాస్తాడు? మా క్లయింటు ఒకాయన ఇలాగే పెడితే కుర్రాడు సాయంత్రం కూర్చుని గుర్తున్నవి నాలుగు రాసేవాడు.

తేజ_డీలక్స్

ఇంకో తిరకాసు. మెకానిక్ ఒకడు క్లచ్ ప్లేటు కోసం ఐదు షాపులు తిరుగుతాడు. ఐదు షాపుల్లోనూ "లేదు" అని రాస్తారు. ఐదుగురూ తెప్పిస్తారు. కొనేవాడు ఒక్కడే!

ఎంబీఏ_మాస్టారు_గుంటూరు

తేజ గారు అచ్చంగా సిస్కో (నెట్‌వర్క్ పరికరాలు చేసే అమెరికా కంపెనీ) కథ చెప్పారు. 2001లో ఆ కంపెనీ 2 బిలియన్ డాలర్లకు పైగా విలువైన స్టాకుని నష్టం కింద రాసేసింది. సరుకు కొరత ఉన్నప్పుడు కొనేవాళ్ళు అదే సరుకుకి రెండు మూడు చోట్ల ఆర్డర్లు పెట్టుకున్నారు, ఎవరు ముందిస్తే వాళ్ళ దగ్గర తీసుకుందామని. గిరాకీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడింది. ప్రపంచంలోనే మంచి సిస్టమ్స్ ఉన్న కంపెనీ అని అందరూ పొగుడుతున్న రోజుల్లో జరిగింది ఇది. ఈ డబుల్ ఆర్డర్లొక్కటే కారణమని అనను, మార్కెట్ పడిపోవడం కూడా తోడయ్యింది.

సర్వర్‌రూమ్

రెండిటికీ ఒకటే మందు చెప్తాను. పార్టు పేరు రాయొద్దు, బండి నంబరు ఆఖరి నాలుగు అంకెలు, పార్టు నంబరు, అంతే. రాయడానికి పది సెకన్లు. కుర్రాడు రాయలేకపోతే వాట్సాప్‌లో షాపు గ్రూపు ఒకటి పెట్టి వాయిస్ మెసేజ్ కొట్టమనండి, సాయంత్రం ఎవరో ఒకరు ఎక్కించుకోవచ్చు. ఒకే బండి కోసం వారంలో రెండోసారి అడిగితే అది ఒకటే గిరాకీ. మిగతా షాపులవాళ్ళు కూడా రాస్తే బండి నంబరుతో కలిపి చూసుకోవచ్చు, కానీ ఆటోనగర్‌లో పక్క షాపువాడికి తన "లేదు" లిస్టు చూపించేవాడు పుట్టలేదు లెండి.

వేరువేరు బండ్లకి మూడుసార్లు వస్తే ఒకటి తెప్పించండి. ఐదొస్తే రెండు. ఈ అంకెలు మీరే పెట్టుకోండి, కానీ ముందే పెట్టుకోండి, కృష్ణలంక తమ్ముడు చెప్పిన బ్యారేజీ హెచ్చరికలా. లేకపోతే ప్రతిసారీ మీకూ నాన్నగారికీ గొడవే.

క్లచ్‌ప్లేట్_బెజవాడ

గొడవ ఆల్రెడీ మొదలైంది, మూడా ఐదా అని 😀 నాన్నగారు మూడంటున్నారు, డబ్బు కట్టేది నేను కాబట్టి ఐదంటున్నాను.

సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడిగాను: నెమ్మదిగా కదిలే సరుకుకి ఏ పద్ధతి, అమ్మకుండా పోయిన గిరాకీ ఎక్కడ ఎక్కించాలి. మొదటిదానికి "మా టీమ్‌తో మాట్లాడి చెప్తాం సార్" అన్నారు. రెండోదానికి "అది కస్టమైజేషన్ సార్, ఛార్జ్ వేరేగా ఉంటుంది" అన్నారు.

ఒక డౌటు. 40 రూపాయల ఆయిల్ సీలుకి కూడా ఈ రిజిస్టరు రాయించాలా?

అరండల్‌పేట_అకౌంట్స్

వద్దు. రోజూ పోయే చిల్లర సామానుకి రీఆర్డర్ లెవెల్ కొంచెం పైకి జరిపేయండి, ఎక్కువ తెప్పించినా ఇరుక్కునే డబ్బు తక్కువే. మీ మొత్తం అమ్మకాల్లో ఎక్కువ విలువ ఏ కొద్ది పార్టుల మీద ఉందో ముందు ఆ లిస్టు తీయండి. ఖరీదైన సామానుకీ, లేకపోతే లారీ కదలని సామానుకీ మాత్రమే రిజిస్టరు. కుర్రాడు కూడా బతుకుతాడు.

కృష్ణలంక_కుర్రోడు

అన్నా, ఆ డెడ్ స్టాక్ లిస్టులో పాత బండ్ల కింగ్ పిన్ సెట్లు ఏమైనా ఉంటే మావయ్యకి పంపు. తిరువూరు వైపు మెకానిక్కులు అడుగుతున్నారట, వాళ్ళందరికీ ఆయన "లేదు" అని చెప్తున్నాడు.